దొర గొలుసు

ప్రియమైన చెల్లీ,

దేవుడి దయవల్ల నేను బాగున్నాను. కొత్త ఇంట్లో మీరంతా కుదుటపడ్డారని తలుస్తాను. బైండింగ్ షాపులో చేతినిండా పని. లావు రిజిస్టర్లు మిషనుకు లొంగవు కదా, వాటికి ఇంకా నా సూదే దిక్కు. మీ బావ పోయాక నన్ను నిలబెట్టిందీ ఆ సూదే.

రాయాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించిన సంగతి ఒకటుంది. మీ కుక్క దొర సంగతి. సామాను బండి కదిలిన రోజు వీధి మలుపుదాకా పరుగెత్తి, వెనక్కి వచ్చి మీ గేటు ముందు పడుకున్నాడు. ఇప్పటికీ అక్కడే. కొత్తగా దిగినవాళ్లు తలుపు తీస్తే లేచి తోక ఊపుతాడు. మీరు కాదని తెలిసి మళ్లీ కూర్చుంటాడు. వాళ్లు నీళ్లు చల్లి తరుముతున్నారు. ఈమధ్య సైకిళ్ల వెంట పడుతున్నాడు.

నేను ముద్ద పెడుతున్నాను. కానీ నాది మేడమీద ఒంటి గది, పగలంతా పనిలో ఉంటాను, నా దగ్గర పెట్టుకునే వీలు లేదు. మీ గేటు దగ్గరే కట్టేద్దామంటే వాడి గిన్నె ఉంది గాని గొలుసు లేదు. పొరపాటున సామానులో కలిసిపోయిందేమో చూడు. నిన్ను తప్పుపట్టడం లేదు. అడుగుతున్నాను, అంతే.

ఆశీస్సులతో,
నీ అక్క

*

ప్రియమైన అక్కా,

మా దొర ఇప్పుడు వీధికంతా దొర అయ్యాడన్నమాట! చదివి మీ మరిదీ నేనూ ఒకటే నవ్వు.

గొలుసు పొరపాటున రాలేదు, నేనే తెచ్చుకున్నాను. కొన్నది మొన్ననే కదా, మంచి గట్టిది. బాల్కనీలో పూలకుండీ వేలాడదీశాను. నువ్వు చూడాలి, ఎంత ముచ్చటగా ఉందో! ఈ భవనంలో కుక్కల్ని రానివ్వరని నీకు ముందే చెప్పాను. అయినా వీధిలో పది ఇళ్లున్నాయి. ఇంటికో ముద్ద పడేస్తే వాడికేం లోటు? అక్కడున్నప్పుడు కూడా పొద్దున్నే గేటు తీసి వదిలేసేదాన్ని, సాయంత్రానికి వాడే వచ్చేవాడు. ఎవరికైనా ఏమైనా అయిందా? నోరులేని జీవాన్ని కట్టేస్తే పాపం అక్కా. రోజూ దేవుడికి దండం పెట్టేదానివి, నీకు నేను చెప్పాలా?

నీ ముద్దుల చెల్లి

*

ప్రియమైన చెల్లీ,

అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఏమీ అనుకోకు. క్లుప్తంగా రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం దొర ఒకావిడను కరిచాడు. బడి నుంచి వస్తున్న పాప మీదికి ఉరికితే ఆవిడ చేయి అడ్డం పెట్టింది. కుడి చేయి. బొటనవేలి కింద పళ్లు బాగా లోతుగా దిగాయి. కుక్క ఎవరిది, టీకాలు వేయించారా అని డాక్టరు అడుగుతున్నాడు. టీకా కార్డు నీ దగ్గరే ఉండాలి. వెంటనే పంపు.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

ఏమిటా రాత, కోడి కెలికినట్టు! కళ్లద్దాలు మార్చుకోమని ఎన్నిసార్లు చెప్పాను? నా మాట వింటేగా.

ఉత్తరం చూసి గుండె ఝల్లుమంది. మీ మరిదికి ఈ నెలలోనే ప్రమోషను వచ్చేలా ఉంది. ఇప్పుడు ఫిర్యాదులో మా పేరు ఎక్కిందంటే ఇంకేమైనా ఉందా? అసలు కుక్కకు చేయి అడ్డం పెట్టమని ఆవిడకు ఎవరు చెప్పారు? కార్డు ఎక్కడో పోయింది. మొదటి ఏడాది వేయించాం, తర్వాత కుదరలేదు.

ఎవరడిగినా ఊరకుక్క అని చెప్పు. ఆవిడకు నాలుగు పళ్లు తీసుకెళ్లి నచ్చజెప్పు. నీ మెత్తని మాట ఎవరు కాదంటారు?

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లీ,

దొరను మున్సిపాలిటీ వాళ్లు తీసుకెళ్లారు. వల వేస్తుంటే కరవలేదు, పారిపోలేదు. మీ గేటు వైపే చూస్తూ ఉండిపోయాడు. పది రోజుల్లో యజమాని వచ్చి సంతకం పెట్టకపోతే మందు ఇచ్చి చంపేస్తారట.

ఆవిడకు బొటనవేలు మడత పడటం లేదు. చేతిపనితో బతికే మనిషి. బస్సులో నాలుగు గంటలే కదా, ఒక్కసారి రా. సంతకం పెట్టు. ఆవిడతో ఒక్క మాట మాట్లాడి వెళ్లు. నీకోసం ప్రార్థన చేస్తున్నాను.

నీ అక్క

*

ప్రియమైన అక్కా,

ఎలా రమ్మంటావు? ఈ వారం సోఫాలు వస్తున్నాయి, దగ్గరుండి దింపించుకోవాలి. పైగా సంతకం పెడితే కుక్కా మాదే, కాటూ మాదే అవుతుందని మీ మరిది అంటున్నారు. "మీ అక్కకు లోకం తెలియదు, నువ్వైనా తెలివిగా ఉండు" అన్నారు.

కోపం తెచ్చుకోకు గాని, రెండు నెలలుగా వాడికి అన్నం పెట్టింది నువ్వు. న్యాయంగా చూస్తే వాడిప్పుడు నీ కుక్కే. ఇక ఆవిడంటావా, కొందరు కాస్త గీరుకుంటే చాలు, చేయే పోయిందని ఊరంతా చెబుతారు. అన్నీ నమ్మకు.

దొర పేరు చెప్పి దేవుడికి నా బదులు ఒక దండం పెట్టు.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లీ,

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను. ఎడమచేతికి పది వరుసలు దాటితే లాగేస్తోంది.

ఆ ఒకావిడ నేనే.

అబద్ధం ఆడలేదు. నువ్వు కంగారుపడతావని ఒకావిడ అని రాశాను. "ఎవరక్కా ఆవిడ?" అని అడుగుతావు, అప్పుడు మెల్లగా చెబుదాం అనుకున్నాను. పదేళ్లు కాపురం చేసిన వీధి నీది. ఉన్నవే పది ఇళ్లు. ప్రమోషను గురించి రాశావు, సోఫాల గురించి రాశావు, నా కళ్లద్దాల గురించి రాశావు. ఆవిడ ఎవరని అడగలేదు.

తొమ్మిదో రోజు నేనే వెళ్లాను. కాగితంలో యజమాని అన్నచోట నా పేరు, గాయపడినవారు అన్నచోట కూడా నా పేరే. గుమాస్తా రెండుసార్లు చదివి, "ఏమ్మా, కరిచిన కుక్కా నీదే, కరిపించుకున్నదీ నువ్వే. ఫిర్యాదు ఎవరి మీద రాసుకోమంటావు?" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నీ పేరు చెప్పలేదు. నిన్ను కాపాడాలని కాదు. చెప్పినా నువ్వు రావు, ఈలోగా పదో రోజు దాటిపోతుంది.

నువ్వు రాసిన దాంట్లో ఒకటి నిజం. నేను ముద్ద పెట్టాను గాని కట్టేయలేదు. గొలుసు లేదని నీకు ఉత్తరం రాసి చేతులు కట్టుకుని కూర్చున్నాను. బజారులో తాడు దొరకదా? ఆ తప్పు నాది. ఆ పాప వాళ్ల అమ్మకు ఇంటికి వెళ్లి ఆ మాటే చెప్పాను.

షాపులో నా చోట వేరొకామె కూర్చుంది. నా సూది ఆమె చేతికిచ్చి వచ్చాను. అందుకే దొర ఇప్పుడు మేడమీద నా గదిలోనే ఉంటున్నాడు. పగలంతా ఇంట్లోనే ఉంటున్నాను కదా. టీకాలు వేయించాను. రోజూ రెండు పూటలా కిందికి దింపుతాను, మీ గేటు దగ్గరికి రాగానే ఆగిపోతాడు. బైండింగ్ గుడ్డ మడిచి పట్టీ కుట్టాను గాని, ఎడమచేతి కుట్టు, వాడు గట్టిగా లాగితే ఊడిపోతోంది.

రోజూ అందరి పేర్లూ చెప్పి ప్రార్థన చేస్తాను. నీకు తెలుసు. నీ పేరు దగ్గరికి వచ్చేసరికి, దీని మీద నాకు కోపం లేదు స్వామీ అని చెప్పబోయాను. మాట రాలేదు. దేవుడి ముందు అబద్ధం ఆడలేక ఊరుకున్నాను.

ఆ పూలకుండీకి తాడు చాలు. గొలుసు పంపించు. ఉత్తరం అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాత వీధిలో ఒకావిడ