పొయ్యి ముట్టించని ఇల్లు

1988 ఆగస్టు 14, ఆదివారం రాత్రి

దవాఖాన వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న రోజే, పాస్టరుగా నా సంఘం ముందు మ్రొక్కుబడి చేసుకున్నాను: నా భార్య మార్త లేచి నడిచేదాకా ఇంట్లో పొయ్యి ముట్టించను. నాది ఉపవాసం. ఆమెకు పక్కింటివాళ్లు తెచ్చే చల్లారిన జావే గతి.

ఈరోజు మరదలు, కువైట్ నుంచి తెచ్చుకున్న మైక్రోవేవ్‌ను ఆటోలో వేసుకొచ్చింది. వెంట గడ్డకట్టిన మేకకాళ్ల పాయ డబ్బా. దేవుడు ఆజ్ఞాపించని అన్యాగ్ని నా గడప దాటదని గర్జించాను.

"అగ్గి ఏడున్నది బావా? నువ్వే చూడు," అంది మరదలు.

మంచం మీద నుంచి మార్త, "ప్రవక్తకు కాకులు తెచ్చిన రొట్టె ఏ పొయ్యి మీద కాల్చిన్రో అడిగినవా?" అంది. ఇన్నేళ్లు ప్రసంగించిన నేను గడపకు అడ్డు తప్పుకున్నాను.

పవర్ పూర్తిగా పెడితే అంచులు ఉడికి నడుమ మంచు అట్లాగే ఉంటుందట. మరదలు ముందు తక్కువ పవర్ మీద కరగనిచ్చి, తరువాత సెన్సర్ మీట నొక్కింది. ఆవిరి పసిగట్టి యంత్రం తానే ఆగిపోయింది. నా ప్రార్థన ఎప్పుడు ఆపాలో నాకెవరు చెబుతారు?

మార్త రెండు చెంచాలు తాగి నా చెయ్యి నెట్టేసింది.

"జర ఇను. నేను పోయిన దినం ఎట్లాగూ ఈ ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. నేనున్నప్పుడే ముట్టియ్యి. బువ్వ ఉడికే వాసన రానియ్యి."

అవిశ్వాసురాలా అని అరవబోయాను. చెంచా గిన్నెలో పెట్టేశాను.

అగ్గిపెట్టె అడిగి తీసుకొని, గుప్పిట్లో పట్టుకొనే నిద్రపోయింది. రేపు అది తీసుకొని పుల్ల గీస్తే, ఆమె లేచి నడవాలని నిన్ను అడగడం మానుకున్నట్టే కదా ప్రభువా...