లోతు లేదు

అత్తయ్యగారికి మీ కోడలి నమస్కారాలు. ఇక్కడ మేం క్షేమం. మీ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందని తలుస్తాను.

"ఎడారిలో సరస్సేమిటే, నన్ను ఆటపట్టిస్తున్నావా?" అని రాశారు. ఒట్టు అత్తయ్యా! నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి నిలిపిన నీళ్లు. చుట్టూ గడ్డిపోచ మొలవని ఎర్రకొండలు, నడుమ కనుచూపు మేర నీలం. సెలవొస్తే ఇసుక వేస్తే రాలనంత జనం. గుడారాలు వేసుకుంటారు, ఈత కొడతారు, మీ అబ్బాయి పడవలో షికారు చేస్తారు. ఎక్కగానే సగంమందికి గుండె దడ. "లోతు లేదండీ, లోతు లేదు" అని ఈయన ధైర్యం చెబుతారు. మూడు నిలువుల లోతున్నా అదే మాట. దొంగ ధైర్యమని నేను ఏడిపించేదాన్ని.

"వాడు నాలుగు ముక్కలెందుకు రాయడు?" అని కూడా అడిగారు. చేతికి బొబ్బలెక్కాయని చెప్పాను. అది నిజం కాదు.

ఈ ఎండలకు నీళ్లు బాగా తగ్గిపోయాయి. పోయిన నెల కాలేజీ కుర్రాడొకడు ఒడ్డునున్న బండరాయి ఎక్కి దూకబోయాడు. కిందంతా రాళ్లు. ఈయన పడవలోంచి ప్రాణం పెట్టి అరిచారు, "లోతు లేదు! లోతు లేదు!" అని. దూకవద్దని అత్తయ్యా. పొద్దున అదే మాటకు ధైర్యం తెచ్చుకుని పడవెక్కినవాడు, నవ్వుతూ చెయ్యూపి, తలకిందులుగా దూకేశాడు. మెడ విరిగింది. దక్కలేదు.

తప్పు నీది కాదని పోలీసులన్నారు. ఆ కుర్రాడి కన్నతండ్రే అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆనాటినుంచి ఈయన నోట మాట లేదు. కలిపిన ముద్ద చేతిలోనే ఎండిపోతోంది. నాకు భయంగా ఉంది.

నిన్న సాయంత్రం ఒంటరిగా పడవ తీసుకెళ్లి, ఒడ్డుకు కేకవేటు దూరంలో, లోతున్న చోట ఇంజను ఆపేశారు. లైఫ్ జాకెట్ విప్పేసి అంచున కూర్చున్నారు. నాకు ఈత రాదు. ఒడ్డున గొంతు చించుకున్నాను. ఏనాడూ లేనిది పేరు పెట్టి పిలిచాను, తిట్టాను, కాళ్లు పట్టుకుంటానన్నాను. తల తిప్పలేదు. ఆఖరికి నోటికి ఏదొస్తే అది అరిచాను. "అత్తయ్య వస్తున్నారండీ! మీ అమ్మ!"

పడవ తిరిగింది. ఒడ్డెక్కి, "ఎప్పుడు?" అన్నారు. ఇన్నాళ్లకు అదే మొదటి మాట. రేపో ఎల్లుండో అన్నాను.

తెల్లారినప్పటినుంచీ బస్సు ఆగేచోటే కూర్చున్నారు. ఆయన కంటపడకుండా ఈ ఉత్తరం మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఆ బస్సే తిరిగి ఇటు వస్తుంది. బట్టలు సర్దుకోవద్దు, ఎవరికీ చెప్పి రావద్దు. ఎక్కేయండి అత్తయ్యా. బస్సు వచ్చి, మీరు దిగకపోతే, ఆయన్ను వెనక్కి పిలవడానికి నా దగ్గర ఇంకే మాటా లేదు.

ఇట్లు,
మీ కోడలు