సిగ్నల్ తెగే చోట

జూన్ 10, సోమవారం
జగ్గయ్యపేట నుంచి నందిగామ ఆఫీసుకి బస్సులో నిలబడే వెళ్లాను. కొత్త ప్రాజెక్ట్ వచ్చింది. సిమెంట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీ డ్రైవర్లు పడిగాపులు పడకుండా, ఫోన్‌లోనే లోడింగ్ టోకెన్ తీసుకునే యాప్. టోకెన్లు ఇచ్చే వెబ్ సర్వీస్ ఫ్యాక్టరీ వాళ్లది. మా యాప్ దానికి రిక్వెస్టులు పంపడానికి ఏ REST క్లయింట్ లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ఏ కోడ్, వాడాలో నేనూ కృపాజ్యోతి గారూ తేల్చాలి. ఆవిడ పాప పుట్టాక కొన్నేళ్లు ఉద్యోగం మానేసి, ఈ వేసవిలోనే మళ్లీ చేరారు.

జూన్ 12
కొత్తగా వచ్చిన లైబ్రరీ ముచ్చటగా ఉంది. ఇన్నాళ్లూ వాడుతున్న పాతదాంట్లో పేజీ నిండా రాయాల్సింది ఇందులో నాలుగు లైన్లు. హైదరాబాద్ ఇంటర్వ్యూల్లో దీని గురించే అడుగుతున్నారట. నిజం రాసుకోవాలంటే, నాకు కావలసింది రెజ్యూమెలో ఆ పేరు.

జూన్ 14, శుక్రవారం
మీటింగ్. మా ఓనర్ భవానీప్రసాద్ గారి ముందు జ్యోతి గారు పాతదే నయమన్నారు. సిగ్నల్ తెగితే కొత్తది తనంతట తానే రిక్వెస్ట్ మళ్లీ పంపేస్తుందట. మొదటిది అప్పటికే చేరి ఉంటే ఒకే లారీకి రెండు టోకెన్లు పడతాయి. కనీసం సిగ్నల్ సరిగా అందని క్వారీల వైపు వెళ్లి టెస్ట్ చేద్దామన్నారు.
“మధ్యలో గ్యాప్ వచ్చింది కదండీ, కొత్తదంటే భయంగానే ఉంటుందిలెండి” అన్నాను.
అందరూ నవ్వారు. ఆవిడా కొంచెం నవ్వి ల్యాప్‌టాప్ మూసేశారు. నా లైబ్రరీ ఖాయమైంది.

జూన్ 15
ఆ మాట అనకుండా ఉండాల్సింది.

జులై 3
యాప్ రిలీజ్. ఓనర్ గారు స్వీట్లు తెప్పించారు. జ్యోతి గారు తన వాటా పాప కోసం కాగితంలో చుట్టుకున్నారు.

జులై 5, శుక్రవారం
రాంబాబు అనే డ్రైవర్ ఫోన్ చేశాడు. క్వారీ రోడ్డులో టోకెన్ కోసం నొక్కాడట. సిగ్నల్ పోయి వచ్చింది. రెండు టోకెన్లు పడ్డాయి. ఫ్యాక్టరీ సర్వర్ రెండూ రద్దు చేసి బండిని బ్లాక్ చేసింది. ఇప్పుడు గేటు దగ్గర ముందూ వెనకా లారీలు, కదలడానికి లేదు. ఈ రోజే వాళ్లమ్మకి విజయవాడలో కంటి ఆపరేషన్. లోడుతో అటే వెళ్తూ దారిలో ఎక్కించుకోవాలి. ఆవిడ పరగడుపున వచ్చి కంచికచర్ల బస్టాండ్‌లో కూర్చుని ఉంది.
తిడతాడనుకున్నాను. తిట్టలేదు.
“మా అమ్మ దగ్గర ఫోన్ లేదు సార్. ఆమెకెట్లా చెప్పేది?” అన్నాడు.
చూస్తామని పెట్టేశాను. ఏం చూస్తాను?

జులై 6
ఇంత జరుగుతుందని ముందే ఎందుకు చెప్పలేదని ఓనర్ గారు జ్యోతి గారినే అడిగారు. ఆయనకి ఆ మీటింగే గుర్తులేదు. నేను పక్కనే ఉన్నాను. నా పేరు చెబుతారని ఎదురుచూశాను.
“చెప్పానండి. గట్టిగా చెప్పలేకపోయా” అన్నారావిడ.
అంతే. నా వైపు చూడను కూడా లేదు. నేను గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. మధ్యాహ్నం క్యారేజీ తెరిచి మళ్లీ మూసేశాను. సాయంత్రానికి గానీ ఓనర్ గారి రూమ్‌లోకి వెళ్లలేకపోయాను.
“ఆవిడ చెప్పారండి. అందరినీ నవ్వించి కొట్టిపారేసింది నేనే” అన్నాను.
ఆయన, ముందు యాప్‌ని సరిచెయ్యమన్నారు.

జులై 8, సోమవారం
జ్యోతి గారి స్కూటీ మీద క్వారీ రోడ్డుకి వెళ్లాం. దుమ్ము. టెస్ట్ టోకెన్ నొక్కాను, సిగ్నల్ తెగింది, రెండు పడ్డాయి. ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచారు. అక్కడే కూర్చుని పాత లైబ్రరీకి మార్చాం. సిగ్నల్ తెగితే, టోకెన్ పడిందో లేదో కనుక్కున్నాకే మళ్లీ పంపేలా రాశాం. ఒక్కటే పడింది.
సారీ చెప్పాను. పాప స్కూల్ నుంచి వచ్చే టైమైంది, బండెక్కమన్నారు.
రాంబాబుకి ఫోన్ చేశాను. ఆపరేషన్‌కి వేరే తేదీ ఇచ్చారట. ఆ రోజు వాళ్లమ్మ చీకటి పడేదాకా అక్కడే కూర్చుందట, కొడుకు వస్తాడని.

జులై 15
మీటింగ్‌లో జ్యోతి గారు మాట్లాడారు. ఎవరూ నవ్వలేదు. ఆవిడ మాత్రం ప్రతి వాక్యం చివరా ఆగి, ఒకసారి నా ముఖం చూసుకుని, అప్పుడు తర్వాతది మొదలుపెట్టారు.