పాల టెస్టరు కాలేయం, తక్కిన ఆస్తి

పాల శీతలీకరణ కేంద్రంలో ముప్పై ఒక్క సంవత్సరాలు టెస్టరుగా పనిచేసి రిటైరైన, అరవై ఒక్కేళ్ల వితంతువునైన నేను, ఆసుపత్రి గదిలో కూర్చుని, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివి ఉందనడానికి రుజువుగా డాక్టరమ్మ ఈ ఉదయం నా చేత వందలోంచి ఏడేసి తీసివేయించింది. రెండు వరకూ తప్పు లేకుండా వచ్చాను. మధ్యాహ్నం సంగతికి నేను పూచీ పడను.

ఎందుకు పడనో వారసులకు తెలియాలి. నా కాలేయం కొవ్వు పట్టి, గట్టిపడి, పాడైంది. అది విరిచేయాల్సిన విషం తలకెక్కుతోంది. పాల చక్కెర నుంచి చేసే ఒక తియ్యటి మందు రోజుకు మూడుసార్లు తాగితే, పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఆ విషాన్ని కిందికి పంపేస్తాయి. మందు పడకపోతే రెండు రోజుల్లో నేను నేనుగా ఉండను.

1. నేను పోయాక నా కాలేయంలోంచి ముక్క, పేగుల్లోంచి నమూనా తీసుకునే హక్కు డాక్టరమ్మది. పాలు తాగేవాళ్ల పేగుల్లో ఏ బ్యాక్టీరియా పెరుగుతాయి, వాటివల్ల కాలేయానికి మేలా కీడా అన్నది ఆమె పరిశోధన. పరీక్షకు తీయగా మిగిలిన చిక్కటి పాలు నాలుగు చెంచాల చక్కెరతో ముప్పై ఏళ్లు తాగాను. "తప్పు పాలదా, చక్కెరదా, కుర్చీ వదలని నాదా?" అని అడిగాను. "ఇంకా తెలీదమ్మా. ఒట్టి పాలు మేలే చేయొచ్చు కూడా" అంది. తెలిసినంతే చెప్పింది. అందుకే ఆమెకిస్తున్నాను.

2. పాల చిక్కదనం గీతల్లో చూపే నా సొంత లాక్టోమీటరు, చేతి గడియారం జూనియర్ టెస్టరుకు. నా ఉద్యోగం ఆఖరి నెలలో, ట్యాంకరులో విరిగిపోయిన పాలు బాగున్నాయని రాసి సంతకం చేశాను. నాకు గుర్తే లేదు. ఆ అమ్మాయి చూసి పాలు పారబోయించింది. "మేడం, ఈ అక్షరాలు మీవిలా లేవు" అని నన్ను ఆసుపత్రికి తీసుకొచ్చింది.

3. మేనేజరుకు ఏమీ లేదు. "తాగి డ్యూటీకొచ్చింది" అని అందరి ముందూ అన్నాడు. ఇది తాగుడు వల్ల వచ్చిన జబ్బు కాదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం నకలు ఆయన బల్ల మీద పెట్టి రావాలి. మాట్లాడనక్కర్లేదు.

4. ఇల్లు కూతురికీ కొడుక్కీ చెరి సగం. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూతురిది.

5. కొడుక్కి నా ముక్కు వచ్చింది, నా మొండితనం వచ్చింది. నా కాలేయం కూడా వచ్చిందని పోయినేడు స్కాన్‌లో తేలింది. "నాకేంటమ్మా, గుండ్రాయిలా ఉన్నాను" అంటాడు. చిన్నప్పుడు ఏడ్చిన ప్రతిసారీ తియ్యటి పాలు పట్టి ఊరుకోబెట్టింది నేనే. ఏటా వాణ్ణి చెయ్యి పట్టుకుని స్కాన్‌కి తీసుకెళ్లు తల్లీ, అక్కవి కదా. నా ఊలు శాలువా వాడికే. ఆ స్కాన్ గదిలో చలి ఎక్కువ.

6. పోయిన వారం కూతురు ఊళ్లో లేదు. మూడు రోజులు ఇంట్లో నాకు మందు ఇవ్వాల్సింది కొడుకు. ఆ మూడు రోజులూ నా బుర్రలో లేవు. కూతురు తిరిగొచ్చి మందు పట్టాక తెలివొచ్చి, సీసా చూశాను. గీతలు చదవడమే నా ఉద్యోగం. కూతురు పట్టిన మోతాదు పోను, మందు ఒక్క గీత కూడా దిగలేదు. "ఇచ్చాను కదమ్మా, నీకే గుర్తులేదు" అన్నాడు వాడు, కిటికీ వైపు చూస్తూ. నా బొటనవేలు నీలంగా ఉంది. సబ్బుతో రెండుసార్లు రుద్దినా పోలేదు. సంతకం వచ్చిన మనిషిని నేను. నా వేలిముద్ర ఎవరికి కావలసొచ్చిందో, ఏ కాగితం మీద పడిందో నేను అడగలేదు. అడిగితే వాడు చెప్పేస్తాడని భయం.

ఆ కాగితం ఎవరి దగ్గరున్నా చెల్లదు. వాడి సగం మాత్రం వాడిదే.

తేదీ: ఈ నెల పదకొండు, ఉదయం పదిన్నర
సంతకం: రిటైర్డ్ పాల టెస్టరు (వేలిముద్ర వేయలేదు)
సాక్షులు: వార్డు నర్సు, ఆసుపత్రి మందుల కొట్టాయన