యారాలు కొరికిన బిస్కెట్

1944, ఆషాఢ శుక్రవారం

గోధుమపిండి, నెయ్యి, బెల్లం, సొంఠి నేనే మోసుకుపోయి అమీర్‌పేట బేకరీ భట్టిలో బిస్కెట్లు కాల్పించాను. మెంతిపొడి కావాలనే రెండింతలు కలిపాను. బాలింతకు పాలు పడతాయి, దొంగకు నోరు చేదవుతుంది.

నేను బాలింతగా ఉన్నప్పుడు నా లడ్డూలన్నీ మా బావగారి భార్య, పెద్ద యారాలే తినేసింది. పాలు లేక నా బిడ్డ మేకపాలతో బతికింది. ఇరవై ఐదేళ్లయినా మరచిపోలేదు. ఇప్పుడు ఆమె కోడలు బాలింత. మొన్న నేనిచ్చిన డబ్బా ఆ పిల్లకు దక్కనేలేదు.

ఈరోజు పంజాగుట్టలో వాళ్లింటికి పోయి, డబ్బా యారాలి చేతికే ఇచ్చి, వాకిట్లో ఆడవాళ్లతో కూర్చున్నాను. కాసేపటికే ఆమె ఉమ్ముకుంటూ బయటికొచ్చింది.

"ఏం కలిపినవే? విషం లెక్క ఉన్నది!"

"బాలింతకు చేసినయి నువ్వెందుకు తిన్నవక్కా?" అని మెల్లగా అడిగాను. అందరూ పక్కున నవ్వారు. చేదైనా పాలల్లో ముంచుకుని తింటానంది ఆ పిల్ల.

ఇంటికొచ్చి అమ్మవారి ముందు దీపం పెట్టాను గానీ, తప్పయిందని చెప్పకుండానే లేచాను. కానీ యారాలు ఈ కోపం కోడలి కంచం మీద చూపిస్తే? రేపటి నుంచి రెండు పూటలా పోయి, ఆ పిల్లకు నా చేత్తో తినిపిస్తాను. యారాలు చూస్తూ కూర్చోవాలి.