నలిపిన రెండో పక్క

పోర్తు,
జులై నెల

ప్రియమైన ఎర్మెలిండా అక్కకు,

పునీత అంతోనివారి దయవల్ల ఇక్కడ ఇద్దరం కులాసా. అక్కడ నువ్వూ, బావా, నీ కోళ్లూ కులాసా అనుకుంటాను. మోకాలికి కర్పూరం సారా రుద్దడం మానొద్దని బావకు చెప్పు.

కిందటి ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. అంతోనివారి పండుగ జనంలో మాకు లిస్బన్‌లో చోటెవరిచ్చారని ఒకటి. చెస్ట్‌నట్లు రాలే రోజుల్లో మేం మీ ఊరు బ్రగాన్సా వస్తే, నా స్నేహితుడు అన్సెల్ముకి ఎప్పటిలాగే ముందుగదిలో పక్క వెయ్యనా అని రెండోది. ఆ రెండోదానికి జవాబు రాయలేకే ఇన్నాళ్లు ఆలస్యం చేశాను.

ముందుగా గది కుదుర్చుకోవడం మా ఇద్దరికీ చేతకాదు. కుర్రతనంలో దిగిన పాత లాడ్జి ఉంటుందిలే అన్నాడు అన్సెల్ము. వెళ్లి చూస్తే అక్కడ చెప్పుల కొట్టుంది. ఊరంతా కవళ్ల చేపలు కాల్చే పొగ, ఏ తలుపు కొట్టినా ఖాళీ లేదనే మాట. చివరికి అల్ఫామా పేటలో పళ్లమ్మే ఆవిడ మా అవస్థ చూసి మేడమీదికి కేకేసింది.

"ఫ్లోరిపెస్! ఇద్దరు ముసలాళ్లు రోడ్డున పడ్డారే, చోటుందా?"

కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. "గురక పెడతారా?"

"ఇతను పెడతాడండీ," అన్నాడు అన్సెల్ము నన్ను చూపించి.

"అయితే రండి. మా ఆయన పోయాక ఇంట్లో చప్పుడే లేదు."

గదిలో రెండు మంచాలున్నాయి. పెట్టెలు అక్కడ పడేసి ఊరు తిరిగాం. ప్రిన్సిపె రియాల్ తోటలో ఒకప్పుడు మేం తగాదా పడ్డ అన్నదమ్ముల్లా ఎడంగా నడిచేవాళ్లం. తలుపు కన్నంలోంచి మొహం చూసిగానీ లోపలికి రానివ్వని మా బారు ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు కుర్రాళ్లు జంటలుగా నడివీధిలో చేతులు పట్టుకుని పోతున్నారు. చూసి ఈర్ష్య పడ్డాను. మా రోజుల మీద బెంగ కూడా పుట్టింది. నవ్వకు అక్కా, భయపడుతూ తిరిగినా మా వయసు గడిచింది ఆ వీధుల్లోనే.

మర్నాడు పొద్దున లేస్తూనే అన్సెల్ము రెండో మంచం మీద అటూ ఇటూ దొర్లి, దుప్పటి నలిపి, తలగడను నాలుగు గుద్దులు గుద్దాడు. కుర్రతనం నుంచీ ఎక్కడ దిగినా ఇదే తంతు. పక్క సర్దే మనిషికి అనుమానం రాకూడదు కదా.

ఫ్లోరిపెస్ వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమయ్యా, పడుకోని పక్క ఎందుకు నలిపారు? పండగపూట రెండు జతలు ఉతకాలంటే నా నడుం పడిపోతుంది."

అన్సెల్ము మొహం పాలిపోయింది. "లేదండీ, నేను అందులోనే..."

"చాల్లే నాయనా. నా తమ్ముడూ ఇట్లాగే నలిపేవాడు. అడిగితే నొచ్చుకుంటాడని చూసీ చూడనట్టు ఊరుకున్నా. వాడు పోయినప్పుడు వాడి మనిషి, ఒకే పక్క పంచుకున్నవాడు, శవపేటిక వెనకాల ఊరి జనంలో చిట్టచివర నడిచాడు. ముందుకు రమ్మని పిలవాల్సింది నేనేగా? పిలవలేదు." కళ్లు తుడుచుకుని, "రండి, కాఫీ చల్లారిపోతోంది," అంది.

అక్కా, అన్సెల్ము నా స్నేహితుడు కాదు, నా మనిషి. నీకు తెలియదో, తెలిసీ ఊరుకున్నావో నాకు తెలియదు. నీ ఇంట్లో కూడా ఏటా తెల్లవారకముందే నా గదిలోంచి లేచి వెళ్లి, ముందుగదిలో నువ్వు వేసిన పక్క నలుపుతాడు. అతనికి అరవై దాటాయి. ఆ చలికి కీళ్లు పట్టేస్తున్నాయి.

కాబట్టి ఈసారి ముందుగదిలో పక్క వెయ్యకు. బావ ఒప్పుకోకపోతే దాచకుండా రాయి. కోపం తెచ్చుకోను, కానీ రాను. రమ్మంటే మాత్రం అతన్ని పరాయివాణ్ణి పిలిచినట్టు సెన్యోర్ అనడం మానెయ్. మరి ఏమని పిలవాలో నాకూ తోచడం లేదు. వరస నువ్వే కలుపు.

ఇట్లు,
తపాలా మనిషి దారి చూస్తూ,
నీ తమ్ముడు
దువార్తె