పై అంతస్తు ఓటు

బుధవారం, సాయంత్రం

చెల్లెలిలాంటి నా తోడికోడలికి,

పై అంతస్తు నుంచి అక్కయ్య ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. మీరూ క్షేమమేనని మీ కుక్కర్ కూతలు చెబుతూనే ఉన్నాయి. మెట్లు దిగి చెప్పలేక ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుపడితే నీకు కోపం, నాకు ఏడుపు వస్తున్నాయి.

కొత్త కుట్టు మెషీన్లకు డబ్బు ఎలా తేవాలో రేపటి మీటింగులో తేలాలి. బ్యాంకు అప్పా, బయటివాళ్లకు వాటాలు అమ్మడమా? నువ్వూ, నువ్వు తెచ్చిన కొత్త డైరెక్టరు ప్రశ్నలమ్మా వాటాలే అంటున్నారు. అందరూ ఒప్పుకోవాలి కాబట్టి నేను కాదంటే మాత్రం అది కుదరదు.

అత్తగారు ఈ పరుపుల కంపెనీ పెట్టిన నాటి నుంచీ అప్పుతోనే నడిపాం. బ్యాంకువాడికి వడ్డీ కడితే చాలు, మన బల్ల దగ్గర కుర్చీ అడగడు. వాటా కొన్నవాడు కుర్చీ అడుగుతాడు, లెక్కలడుగుతాడు, మన కార్లకు పెట్రోలు ఎవరి డబ్బుతో పోయిస్తున్నారనీ అడుగుతాడు.

ప్రశ్నలమ్మ ఏమందో గుర్తుందిగా. ఇన్నాళ్లూ ఇంటివాళ్లమే కూర్చుని మనకు మనమే తలూపుకున్నామట, అందుకే వాటా కొనే ధైర్యం ఎవరూ చేయలేదట, అప్పుకైనా ఇల్లు తాకట్టు పెట్టాల్సి వచ్చిందట. ఇప్పుడు బయటి మనిషి లెక్కలు చూస్తోందని తెలిసి మంచి ధర ఇస్తామంటున్నారట. నిజమే కావచ్చు. ఆవిడ మాటలకు కాదు నాకు మంట. ఆవిడ మాట్లాడుతుంటే కళ్లార్పకుండా చూస్తావే, దానికి.

కాపురానికొచ్చిన కొత్తలో ప్రతి పరుపు మీదా ముందు నన్నే పడుకోబెట్టి, మెత్తగా ఉందా అక్కయ్యా అని అడిగేదానివి. ఇప్పుడు శాంపిల్ ముందు ఆవిడ దగ్గరికి వెళుతోంది. పోయిన మీటింగులో నీ పక్కన ఎప్పుడూ నేను కూర్చునే కుర్చీలో ఆవిడ హ్యాండుబ్యాగు ఉంది. తీయమని నువ్వు అనలేదు. కిటికీ పక్కన కూర్చుని ఎండకు మాడాను. అవును, ఈర్ష్యే.

మీ ఆయన నన్ను ఓదార్చబోయాడు. ఆవిడ మీటింగుకు ఇంతని ఫీజు తీసుకుని వెళ్లిపోయే మనిషే కానీ ఇంటి మనిషి కాదుగా వదినా అన్నాడు. కాకుండానే ఇలా ఉంటే, ఇంటి మనిషే అయితే ఇంకేముంది మరిదీ అన్నాను. పాపం, కాఫీ సగంలో వదిలేసి దిగిపోయాడు.

వాటాదారుల మనుషులు కూడా వస్తే నీ చుట్టూ ఇంకెన్ని హ్యాండుబ్యాగులో. అందుకే నా మాట అప్పే.

ఈ మధ్య నీకు గుర్తుకురాని,
అక్కయ్య

తా.క.: అంటించిన కవరు మళ్లీ విప్పాను. అప్పంటే నాకు మోజు వడ్డీ లెక్కలు చూసి కాదు. అప్పు తీసుకున్నప్పుడల్లా హామీ సంతకాలకు మనిద్దరం కలిసే బ్యాంకుకు వెళ్లాలి. మేనేజరు పిలిచేదాకా ఆ ఇరుకు బెంచీ మీద భుజాలానించి కూర్చుంటాం. నువ్వు నా పెన్నే లాక్కుని సంతకం పెడతావు. వాటాలకైతే ఎవరి హామీ అక్కర్లేదు, నన్ను పిలవాల్సిన పనీ నీకుండదు. కానీ పిల్లలకు ఇల్లు మిగలాలి. రేపు వాటాలకే చెయ్యెత్తుతాను. వాటాల డబ్బుతో పాత అప్పు కూడా తీర్చి బ్యాంకు నుంచి ఇంటి కాగితాలు తెచ్చుకునే రోజు మాత్రం ఒక్కదానివే వెళ్లకు. ప్రశ్నలమ్మను అసలు తీసుకెళ్లకు.